ఆరు చదరపు మీటర్లు

మార్చి 2

మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు. ఆరు చదరపు మీటర్లు. చదరపు మీటరుకి నాలుగు కోళ్ళ చొప్పున ఇరవై నాలుగు. అమ్మకున్నవి సరిగ్గా ఇరవై నాలుగు. లెక్క ఇంత చక్కగా కుదిరినందుకు పొద్దున్నించీ కాలు ఒకచోట నిలవడం లేదు.

ఇవాళ మేస్త్రీ వచ్చి డాబా మీది పాత గూడు పడగొట్టాడు. నాన్నమ్మ తన కాళ్ళతో మట్టి తొక్కి కట్టుకున్న గూడు అది. నడుం ఎత్తు కూడా ఉండదు. తలుపు తప్ప ఇంకో కంత లేదు. ఈ చలికాలం అందులో తొమ్మిది కోళ్ళు దగ్గి దగ్గి చచ్చాయి. నాన్నమ్మ మెట్ల మీద కూచుని, రాలుతున్న ప్రతి గడ్డకీ నన్ను తిట్టింది.

“కోడికి కిటికీ ఎందుకే? పెళ్ళికొడుకు వస్తున్నాడేమో తొంగి చూడ్డానికా?”

“కిటికీ కాదు నాన్నమ్మా, గాలి కంతలు. కిందినుంచి చల్లగాలి రావాలి, పైనుంచి వేడిగాలి పోవాలి.”

“అరవై ఏళ్ళుగా కోళ్ళని పెంచుతున్నా. ఏ కోడీ నన్ను గాలి అడగలేదు.”

మేస్త్రీ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. తలగుడ్డ బిగించి కట్టుకుని, అందరి ముందూ అంది. “ఇన్సాఫ్, పన్నెండేళ్ళు నిన్ను బడికి పంపాను. ఊళ్ళో ఆడాళ్ళు నన్ను పిచ్చిదన్నారు. ఈ గూట్లో నా కోళ్ళు వేసవి దాటితే నీ చెల్లెల్నీ పట్నం బడికి పంపుతా. బండి ఛార్జీకి గుడ్లు ఉండనే ఉన్నాయి. కోళ్ళు చచ్చాయా, ఇంక ఈ ఇంట్లో చదువు మాట ఎత్తొద్దు.”

నవారా నా వంక చూసింది. జూన్‌లో దాని తొమ్మిదో తరగతి అయిపోతుంది. నాన్న కైరోలో కట్టడం పనుల్లో ఉంటాడు, రెండు నెలలకోసారి వస్తాడు. ఇలాంటి విషయాల్లో అమ్మ ఊఁ అంటే ఆయనా ఊఁ.

భయం లేదు. నా నోట్సు నా దగ్గరుంది. వ్యవసాయ డిప్లొమాలో కోళ్ళ పాఠానికి నాకు నూటికి తొంభై ఒకటి.

మార్చి 4

ఉత్తరం గోడకి కప్పు కింద ఎనిమిది కంతలు, దక్షిణం గోడకి అడుగున నాలుగు. బొమ్మ గీసి మేస్త్రీకి ఇచ్చాను. ఉత్తరం గాలే మాకు గాలి. మిగతా వైపుల నుంచి వచ్చేది దుమ్ము.

మధ్యాహ్నానికి ఉత్తరం వైపు పక్కింటి డాబా మీద ఉమ్ షలబీ ప్రత్యక్షమైంది. పట్నం బండి తోలేది ఆమె మొగుడే.

“ఏంటిది? నా డాబా మీదికి ఎనిమిది కళ్ళు పెడుతున్నారా?”

“గాలి కోసం పిన్నీ. కప్పు కింద, తల కంటే ఎత్తులో ఉంటాయి.”

“మా ఆడపిల్లలు వేసవిలో ఈ డాబా మీదే పడుకుంటారు. రేపు ఊరంతా ఏమంటారు? పక్కింటోళ్ళు కంతలు పెట్టుకుని చూస్తున్నారంటారు.”

“చూసేది కోళ్ళు పిన్నీ!”

“వాటిల్లో పుంజు లేదా?”

నవారాకి నవ్వాగలేదు. నేను వివరించబోయాను. వేడిగాలి పైకి ఎలా పోతుందో చేత్తో చూపించాను కూడా. ఆమె చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. చివరికి నాలుగు కంతలకి ఒప్పుకుంది. నేనూ ఒప్పుకున్నాను. ఒప్పుకోగానే ఆమె మొహం విచ్చుకుంది. “చదువుకున్న పిల్లంటే ఇలా ఉండాలి, మాట వింటుంది” అంది.

మార్చి 5

నాలుగు చాలు.

మార్చి 11

గూడు పూర్తయింది. లోపల మనిషి నిటారుగా నిలబడవచ్చు. నిచ్చెన మెట్లలా మూడు వరసలు కర్రలు వేయించాను. కంతలన్నిటికీ ఇనుప వల కొట్టించాను. ఇర్సా అంటే ముంగిస లాంటిది, పిల్లి కంటే సన్నం, మూడు వేళ్ళ సందు దొరికితే దూరి కోళ్ళ పీకలు కొరుకుతుంది.

సాయంత్రం కోళ్ళు వాటంతట అవే లోపలికి వెళ్ళి కర్రలెక్కాయి. అమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. కిందికి దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి దిగింది.

అప్పుడే ఉమ్ షలబీ ఆరు పెట్టలను కాళ్ళు కట్టి తెచ్చింది. పాలుకి పెట్టుకోమంది. పెట్టలు ఆమెవి, మేత మాది, గుడ్లూ పిల్లలూ చెరిసగం. ఊళ్ళో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. కానీ మా ఇంటికి ఎవరూ తేలేదు ఇంతవరకు.

“చోటుందా ఇంజినీరమ్మా?” అని నన్నే అడిగింది. అమ్మని కాదు.

ఇంజినీరమ్మ! డిగ్రీ చేసినవాళ్ళని అంటారు అలా. నాది డిప్లొమా. దిద్దాలనుకున్నాను. దిద్దలేదు.

“ఉంది పిన్నీ” అన్నాను.

ముప్ఫై. అంటే మీటరుకి అయిదు. మావి ఫయ్యూమీ కోళ్ళు, ఒళ్ళు చిన్నది. నోట్సులోని నాలుగు పెద్ద కోళ్ళకి అయి ఉంటుంది.

మార్చి 19

ఫిక్రియా అయిదు తెచ్చింది. చెరువు గట్టు దగ్గరుండే ఫిక్రియా, దర్జీ పని చేసే ఆవిడ. ముప్ఫై అయిదు.

“పట్నంలో డాక్టర్లు కూడా నీలా చెప్పరు” అంది.

మార్చి 28

నలభై రెండు. మీటరుకి ఏడు. పగలంతా డాబా మీదే తిరుగుతాయి కదా. గూడు పడుకోడానికే. పడుకునే కోడికి ఎంత చోటు కావాలి? కర్ర మీద జానెడు. అలా చూస్తే ఇంకా చోటుంది.

ఇవాళ ముగ్గురు ఆడవాళ్ళు తమ గూళ్ళు చూడమని పిలిచారు. టేపు జేబులో వేసుకుని వెళ్ళాను.

ఏప్రిల్ 6

యాభై ఒకటి.

అమ్మ అడిగింది. “సరిపోతుందా?”

“పరవాలేదమ్మా.”

ఏప్రిల్ 9

పొద్దున తలుపు తీస్తే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోడలకి వేసిన కొత్త సున్నం ఘాటు. ఎండ ముదిరితే పోతుంది.

ఏప్రిల్ 13

గచ్చు మీద గడ్డి మార్చి బూడిద చల్లాను. మళ్ళీ అదే ఘాటు. సున్నమే.

ఏప్రిల్ 14

బీన్స్ తింటూ నవారా ఉన్నట్టుండి అడిగింది. “అక్కా, ఆరు నాలుగులు ఎంత?”

“పరీక్షలు దగ్గరికొస్తే ఎక్కాలు మర్చిపోయావా? వెళ్ళి చదువుకో.”

“నాకు తెలుసు. నీకు గుర్తుందో లేదోనని.”

దీనికి పొగరెక్కువైంది.

ఏప్రిల్ 20

నాన్నమ్మ పొద్దు వాలగానే ఉత్తరం కంతల్లో గోనె ముక్కలు కుక్కుతోంది. ఇది మూడోసారి. నేను లాగేస్తాను, ఆవిడ మళ్ళీ కుక్కుతుంది.

“చెమట పట్టిన ఒంటికి గాలి సోకితే మనిషే మంచం పడతాడు. కోడెంత?”

“కోడికి చెమట పట్టదు నాన్నమ్మా.”

“ఆ సంగతి కోడి చెప్పిందా నీకు? ఇంకోటి విను. యాభై కోళ్ళు కంతల్లోంచి కనపడుతుంటే ఊరంతా కళ్ళు పెట్టదూ? దిష్టి తగిలి పోతాయి.”

“లోపలి గాలి విషం అవుతుంది. నా మాట విను.”

“నీ మాట అందరూ వింటున్నారుగా. నేనొక్కదాన్ని వినకపోతే ఏం?”

గోనె ముక్కలు లాగి పొయ్యిలో పడేశాను. ఈ ఇంట్లో గాలి గురించి తెలిసింది నాకొక్కదానికే.

ఏప్రిల్ 24

పంతొమ్మిది.

ఏప్రిల్ 25

నిన్న ఒక్క అంకె తప్ప రాయలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున తొమ్మిదింటికి ఆకాశం పచ్చబడింది. ఖమాసీన్, ఎడారి దుమ్ము గాలి. అమ్మ చేలో బీన్స్ పీకుతోంది. నవారా బళ్ళో ఉంది. నేను ఫిక్రియా ఇంటి డాబా మీద ఉన్నాను, ఆమె గూడు కొలుస్తూ. దుమ్ము లేవగానే కిందికి పరిగెత్తి తలుపులేసుకున్నాం. గాలి తగ్గాక వెళ్దువు గానీ అంది. టీ పెట్టింది. రెండోసారి కూడా పెట్టింది. గూళ్ళ గురించి చెప్పమంది, చెప్పాను.

మా ఇంట్లో నాన్నమ్మ ఒక్కతే. కోళ్ళకి దుమ్ము పడుతుందని యాభై ఒక్కదాన్నీ లోపలికి తోలింది. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి, ఆ గాలిలో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని తోలింది. తలుపు వేసింది. పైన నాలుగు కంతల్లో, కింద నాలుగు కంతల్లో గోనెలు కుక్కింది.

మధ్యాహ్నం దాటాక, అసర్ నమాజు వేళకి నేను వచ్చాను. తలుపు తీస్తే రొట్టెల పొయ్యి మూత తీసినట్టు వేడి కొట్టింది. ఊపిరి అందక వెనక్కి పడ్డాను. లోపల కొన్ని నోళ్ళు తెరుచుకుని రెక్కలు దించి నిలబడి ఉన్నాయి. మిగతావి ఉత్తరం గోడ కింద, కంతల కిందే, ఒకదాని మీద ఒకటి కుప్పగా ఉన్నాయి. ఆ గోడలోంచే గాలి వస్తుందని వాటికి తెలుసు.

పంతొమ్మిది. వాటిలో ఎనిమిది మావి, పదకొండు పాలువి.

గోనెలు కుక్కకపోతే ఏమీ అయ్యేది కాదు.

నాలుగు కంతలు తెరిచే ఉన్నా, యాభై ఒక్క కోళ్ళకి

వద్దు. తెగులు కూడా అయి ఉండొచ్చు.

ఏప్రిల్ 26

కొక్కెర తెగులే. నోరు తెరిచి ఎగపోశాయి కదా, అది తెగులు గుర్తే.

పశువుల డాక్టరు వచ్చి రెండింటిని కోసి చూశాడు. తెగులు కాదన్నాడు. వేడికి ఊపిరాడక పోయాయన్నాడు. “లోపల ఎన్ని ఉన్నాయి?” అని అడిగాడు.

“ముప్ఫై దాకా” అన్నాను.

అమ్మ పక్కనే ఉంది. ఒక్కసారి నా వైపు తిరిగింది. డాక్టరు చేతులు కడుక్కోడానికి నీళ్ళు పోసింది.

ఏప్రిల్ 27

ఆరుగురు ఆడవాళ్ళూ వచ్చారు. చావడిలో చాప పరిచాం. పాలు పద్ధతిలో మాట ఒకటే. దేవుడి రాత వల్ల పోతే ఎవరూ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. పెంచినవాళ్ళ తప్పు వల్ల పోతే కోడికి కోడి ఇవ్వాలి.

అమ్మ నోరు తెరవకముందే నాన్నమ్మ చేతులు చాపింది. “ఇవిగో, ఈ చేతులే చంపాయి. గోనెలు కుక్కింది నేనే. ఇన్సాఫ్ వద్దంటూనే ఉంది.”

ఫిక్రియా అంది, “ఖమాసీన్ పంపింది అల్లా. పెద్దావిడ మంచికే చేసింది. ఆవిడ దగ్గర కోళ్ళు వసూలు చేస్తామా ఏంటి?”

“ఇంజినీరమ్మ మాట వినుంటే బాగుండేది” అంది ఉమ్ షలబీ.

అందరూ నావైపు చూశారు, జాలిగా. నేను టీ గ్లాసులు తీశాను.

నేను చెబితే ఏమవుతుంది? కోడికి కోడి అంటే పదకొండు. మాకు మిగిలినవి పదహారు. పదహారులో పదకొండు పోతే అయిదు. పాలుకి పెట్టినవాటి గుడ్లలో మా సగం మేతకే పోతుంది, అయిదు కోళ్ళ గుడ్లతో నవారా పట్నం వెళ్ళదు. పైగా అమ్మ మాట ఉంది. చదువు చంపిందని తేలితే, ఇంక ఈ ఇంట్లో చదువు మాట ఉండదు. గోనెలు చంపాయంటే చదువు నిలబడుతుంది.

నవారా కోసమే.

మే 1

ముప్ఫై రెండు ఉన్నాయి. మీటరుకి అయిదు కంటే కొంచెం ఎక్కువ.

మే 4

నాన్నమ్మ డాబా ఎక్కడం మానేసింది. మోకాళ్ళు అంటోంది.

మే 7

అమ్మ ఒక పెట్టని పొదగేద్దామని గుడ్లు తెచ్చి నాన్నమ్మ చేతిలో పెట్టబోయింది. మా ఇంట్లో పొదుగు గుడ్లు పెట్టేది ఎప్పుడూ ఆవిడే. నాన్నమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. “నా చెయ్యి మంచిది కాదు. నువ్వే పెట్టు” అంది.

నవారా కోసమే. దాని పరీక్షలు అయిపోనీ.

మే 11

నాన్నమ్మ రొట్టె సగం తిని మిగతాది నా వైపు తోసింది. “నువ్వు తిను ఇన్సాఫ్. నువ్వు చెప్పావు, నేనే వినలేదు.”

తిన్నాను.

మే 15

నిద్ర పట్టదు. చదువుదామంటే అక్షరం ఎక్కదు. మధ్యాహ్నం గూడు కడిగాను. కడిగిన గూడే మళ్ళీ కడిగాను. ఫిక్రియా గూడు చూడ్డానికి రమ్మని కబురు పెడితే తలనొప్పి అన్నాను.

మే 18

నవారా ఈ నోటుబుక్కు చదివింది.

డాబా మీద పరుపులు దులుపుతుంటే వచ్చి నా ఎదురుగా నిలబడింది. చేతిలో ఇదే. “నా కోసమా?” అంది.

“ఇలా ఇయ్యి దాన్ని.”

“రెండు చోట్ల రాశావు. నవారా కోసమే, నవారా కోసమే అని. నేనడిగానా నిన్ను?”

“నీకు తెలియదు. నేను చెబితే నీ బడి పోతుంది.”

“చెప్పకపోతే నేను రోజూ నాన్నమ్మ మొహం చూసి బండెక్కాలి. నీకు ఇంజినీరమ్మ పోతుందని భయం. అది నా నెత్తిన రుద్దకు.”

చెయ్యెత్తాను. కొట్టలేకపోయాను. అది కదలను కూడా లేదు. పద్నాలుగేళ్ళు దానికి.

“ఆరు నాలుగులు ఎంత?” అంది మళ్ళీ. “ఏప్రిల్‌లోనే అడిగాను.”

మే 19

చెప్పలేదు. అమ్మకి తలనొప్పిగా ఉంది.

మే 20

చెప్పాను.

అమ్మా నాన్నమ్మా వాకిట్లో బియ్యం ఏరుతున్నారు. నిలబడే చెప్పాను, కూచుంటే చెప్పలేనని. గూటికి ఇరవై నాలుగే అని. యాభై ఒకటి నేనే పట్టించానని. ఎనిమిది కంతలు కావాల్సింది నాలుగుకి నేనే ఒప్పుకున్నానని. డాక్టరుకి అబద్ధం చెప్పానని. గోనెలు లేకపోయినా ఆ రోజు కొన్ని పోయేవని, అసలు ఏప్రిల్ మొదటినుంచే లోపలి గాలి చెడిందని. సున్నం కాదని.

నాన్నమ్మ చేట కింద పెట్టింది. లేచింది. మోకాళ్ళ నొప్పి ఏమైందో, చరచరా వచ్చి నా నెత్తిన ఒక్కటిచ్చింది.

“ఇరవై అయిదు రోజులు! ఇరవై అయిదు రోజులుగా ఏడుస్తున్నానే! నమాజులో కూడా పీకలు కనపడుతున్నాయే!”

“తప్పే నాన్నమ్మా.”

“నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట!”

“నీ చేతులు బాగానే ఉన్నాయి. కానీ గోనెలు...”

“గోనెల మాట ఎత్తావంటే ఇంకోటిస్తా. గాలి సోకుతుంది, అంతే.” ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. కూచుని చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

అమ్మ తలెత్తలేదు. రాళ్ళు ఏరుతూనే ఉంది. చేట వైపు చూస్తూనే అంది.

“నాకు లెక్క రాదనుకున్నావా?”

అమ్మ ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది.

“రోజూ సాయంత్రం ఒక్కొక్కదాన్నీ లోపలికి తోలింది నేను. కర్ర మీద చోటు లేక కింద పడుకున్నవి ఎన్నో నాకు తెలుసు. ముప్ఫై అయిదు దగ్గరే ఎక్కువనిపించింది. యాభై దాటాక సరిపోతుందా అని నిన్నడిగా. పరవాలేదన్నావు. పన్నెండేళ్ళు చదివింది కదా, నాకంటే ఎక్కువ తెలుసనుకుని నోరు మూసుకున్నా. ఆడాళ్ళు వాకిట్లోకి వస్తుంటే నాకూ బాగానే ఉండింది, దాచడం ఎందుకు? కానీ నువ్వు ఇంక చాలు అనుంటే ఎవరి కోళ్ళనీ రానిచ్చేదాన్ని కాదు. ఒక్క మాట చాలు.”

నవారా గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మ దాని వైపు చూడలేదు. బడి మాట ఎవరూ ఎత్తలేదు.

మే 22

అమ్మ ముందు నడిచింది. నేను బుట్టతో వెనక. ఆరిళ్ళు. ప్రతి గుమ్మంలోనూ అమ్మ పక్కకి జరిగి నిలబడింది, నా చేతే చెప్పించింది.

మొదట ఉమ్ షలబీ.

“అంటే తెలిసే పెట్టుకున్నావా మా కోళ్ళని?”

“తెలుసు. కాదనలేకపోయాను.”

“మరి ఆ రోజు నేను జాలిపడుతుంటే టీ గ్లాసులు తీసుకుపోయావే! పాపం ముసలావిడ మీద పెట్టి!” ఆమె గొంతు వీధి చివరికి వినపడింది. “ఇంజినీరమ్మంట! ఇంజినీరమ్మ!”

పోయిన నాలుగింటికి నాలుగు ఇచ్చాం. బతికున్న రెండు కూడా తీసుకుపోతానంది. ఆ సాయంత్రమే ఆరూ తీసుకుపోయింది.

ఫిక్రియాకి మూడు ఇచ్చాం. తీసుకోకుండా కాసేపు నా మొహం చూసింది. “ఇంతకీ నా గూటికి ఎన్ని అని చెప్పావు నువ్వు ఆ రోజు?”

“పది.”

“అసలెన్ని?”

“ఆరు.”

“టీ రెండుసార్లు తాగావు కదే” అంది. తర్వాత నవ్వింది. నాకు ఆ నవ్వు ఉమ్ షలబీ అరుపు కంటే కష్టంగా ఉండింది. తన అయిదింటిలో రెండింటిని ఇంటికి తీసుకెళ్ళి, మూడింటిని మా దగ్గరే ఉంచింది. మిగతా నలుగురూ తమవి మా దగ్గరే ఉంచారు. ఎందుకుంచారో నాకు తెలియదు. అడగలేదు.

ఇప్పుడు పాలువి పంతొమ్మిది, మావి అయిదు. ఇరవై నాలుగు.

జూన్ 3

తలుపు చెక్క తీయించి ఇనుప వల తలుపు పెట్టించాను. గోడల్లో గాలి తక్కువైనా తలుపులోంచి వస్తుంది. పొద్దున లోపలికి వెళ్తే కోళ్ళ వాసన మాత్రమే. కళ్ళు మండలేదు.

నాన్నమ్మ డాబా ఎక్కింది. వల తలుపు చూసి “జైలులా ఉంది” అంది.

జూన్ 26

నవారా ఫలితాలు వచ్చాయి. రెండువందల ఎనభైకి రెండువందల అరవై ఒకటి. బళ్ళో రెండోది. పట్నం బడి దరఖాస్తుకి జూలై ఏడు ఆఖరు.

అమ్మ విని “మంచిది” అంది. పిండి కలపడానికి లేచింది.

అయిదు కోళ్ళు. ఇప్పుడు వేడికి మూడే పెడుతున్నాయి.

జూన్ 30

నవారా దరఖాస్తు కాగితం అల్మారా మీద పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. దాని పక్కనే ఉప్పు డబ్బా ఉంటుంది. రోజుకి మూడుసార్లు అమ్మ ఆ డబ్బా తీస్తుంది, పెడుతుంది.

జూలై 2

కాగితం అక్కడే ఉంది.

జూలై 4

రేపు రాస్తే ఇంకోలా రాస్తానేమో, ఇవాళే రాసేస్తాను.

పొద్దున పదకొండింటికి ఉత్తరం వైపు డాబా మీదినుంచి ఉమ్ షలబీ పిలిచింది. నన్ను కాదు, అమ్మని. “ఉమ్ ఇన్సాఫ్! ఓ ఉమ్ ఇన్సాఫ్!” మే నెల తర్వాత ఆమె మా వైపు తిరిగి మాట్లాడటం ఇదే మొదలు.

అమ్మ పైకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఉమ్ షలబీ రెండు చేతుల్లో మూడు పెట్టలు తలకిందులుగా వేలాడుతున్నాయి.

“ఇర్సా పడింది. రెండు వారాల్లో మూడింటిని కొరికేసింది. మా గూటికి ఎటు చూసినా సందులే. ఈ మూడింటినైనా బతకనీ.”

అమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

“ఊరికే పెట్టుకోమనడం లేదు. మీ చిన్నదానికి బడి ఉందంటగా. మా ఆయన రోజూ పట్నం పోతాడు. ఆడాళ్ళ సీట్లో కూచోబెడతాడు. పోనూ రానూ పైసా తీసుకోడు. నా కోళ్ళు మీ గూట్లో ఉన్నన్నాళ్ళూ.”

నవారా మెట్ల మీద ఆగిపోయింది. సగం ఎక్కి, ఒక కాలు పై మెట్టు మీద పెట్టి.

అందరూ నా వైపు చూశారు. అమ్మ కూడా.

మూడు కోళ్ళు. ఇరవై నాలుగుకి మూడు. ఇరవై ఏడు. మీటరుకి నాలుగున్నర. వల తలుపు ఉంది. గాలి బాగానే వస్తోంది. ఫయ్యూమీ కోళ్ళు ఒళ్ళు చిన్నవి. ఇవన్నీ నా తలలో గబగబా వచ్చేశాయి. ఇదివరకు వచ్చినట్టే, అదే వరసలో వచ్చాయి. నవారా ఊపిరి కూడా తీయడం లేదు.

“చోటు లేదు పిన్నీ” అన్నాను.

“మూడే కదే!”

“ఇరవై నాలుగు ఉన్నాయి. నిండిపోయింది.”

“అంత పెద్ద గూడు! లోపల పెళ్ళి చెయ్యొచ్చు! మీ చెల్లెలి బడి కంటే ఎక్కువా నీకు మూడు కోళ్ళు?”

“కాదు. కానీ చోటు లేదు.” ఇంకో మాట కూడా అనేశాను, ఎలాగూ పోయిందని. “ఉత్తరం గోడకి ఆపించిన మిగతా నాలుగు కంతలూ తెరిస్తే తప్ప, చోటున్నా మీవి పెట్టుకోను. ఇటుకలు ఏటవాలుగా పేరిస్తే గాలి వస్తుంది, ఎవరికీ ఏమీ కనపడదు. మీరే వచ్చి లోపలినుంచి కళ్ళు పెట్టి చూసుకోండి.”

ఉమ్ షలబీ చేతుల్లో కోళ్ళు రెక్కలు కొట్టుకున్నాయి.

నవారా మెట్లు దిగిపోయింది. చప్పుడు కాకుండా.

నేను తలెత్తలేదు. అమ్మ గూటి వైపు నడిచింది. వల తలుపు తీసి లోపలికి వంగింది. ఈకల చప్పుడు, ఒక అరుపు. బయటికొచ్చింది. చేతిలో మా కోళ్ళు మూడు, అమ్మ పేర్లు పెట్టి పిలుచుకునేవాటిలో మూడు.

“నీవి ఇలా ఇయ్యి” అంది ఉమ్ షలబీతో.

“మరి ఇప్పుడు చోటు లేదంది పిల్ల?”

“ఇప్పుడుంది.”

ఆమె గోడ మీదుగా తన మూడూ అందించింది. అమ్మ ఒక్కొక్కదాన్నీ లోపలికి వదిలి తలుపు వేసింది. మావి మూడూ ఇంకా ఆమె చేతిలో వేలాడుతున్నాయి. కాసేపు వాటి వంక చూసింది.

“మేస్త్రీని రేపు పంపు” అంది ఉమ్ షలబీ. “కానీ నేను దగ్గరుండి చూస్తా. ఏటవాలంటే ఏటవాలే.”

అమ్మ మెట్ల వైపు తిరిగి కేకేసింది. “నవారా! ఆ ఉప్పు డబ్బా పక్కనున్న కాగితం తీసి చేతులు కడుక్కో. నూనె మరకలు చెయ్యకు దాని మీద.”

జూలై 5

రోలు పక్కన నాన్నమ్మ ములూఖియా ఆకు తరుగుతోంది, రెండు పిడుల కత్తితో, అటూ ఇటూ ఊగుతూ. మూడు కోళ్ళలో రెండు చారుకి. మూడోది ఫిక్రియాకి పంపాం, ఆ రెండు టీలకి. నాన్నమ్మే పంపమంది.

నవారా పొద్దున ఉమ్ షలబీ మొగుడి బండిలో వెళ్ళి దరఖాస్తు ఇచ్చి వచ్చింది. ఆడవాళ్ళ సీట్లో కిటికీ పక్కన కూచుందట. వచ్చినప్పటినుంచీ ఆ కిటికీ గురించే చెబుతోంది. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. నిన్న మెట్లు దిగుతున్నప్పుడు నన్ను చచ్చేంత అసహ్యించుకుందట. ఆ మాట కూడా అదే చెప్పింది, రొట్టె ముక్క నా వైపు తోస్తూ.

ఉత్తరం గోడకి ఎనిమిది కంతలయ్యాయి. ఉమ్ షలబీ గూట్లోకి దూరి, ఒక్కొక్క కంతకీ కన్ను ఆనించి చూసింది. ఏమీ కనపడలేదంది. తల నిండా ఈకలతో బయటికొచ్చింది.

ఇప్పుడు మావి రెండే. రెండింటి గుడ్లు నాన్నమ్మకి ఒకరోజు, నవారాకి ఒకరోజు.

పొద్దు వాలుతోంది. అమ్మ కోళ్ళని లోపలికి తోలుతోంది. ఈసారి పైకి గట్టిగా లెక్క పెడుతోంది, కింద నాకు వినపడేలా. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇరవై మూడు. కాసేపు ఏమీ వినపడలేదు. ఏదో ఒకటి ఎక్కడో నక్కినట్టుంది. అమ్మ దాన్ని తిట్టడం, డాబా మీద ఇటూ అటూ పరిగెత్తడం వినపడింది. తర్వాత ఇరవై నాలుగు అంది. తలుపు గడియ పడింది.